కెనోపస్ ఆలస్యానికి కెప్టెన్ పిరికితనం కారణం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి సముద్ర పోరాటాల మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఇలాంటి విషయాల జోలికి వెళ్లేవారే తక్కువ కాబట్టి, ముందుగా రచయితకు నా అభినందనలు. అయితే అందులో ‘కెనోపస్’ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు ఒకే ఒక్క వాక్యం కేటాయించి, ఆ వాక్యంలోనే తీర్పు కూడా చెప్పేశారు. కెప్టెన్ పిరికితనం వల్ల అది 1914 నవంబరులో చిలీ తీరంలో జరిగిన కొరోనెల్ యుద్ధానికి అందుకోలేదట. ఆ మాట చదివాక ఊరుకోలేకపోయాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. కత్తెర ఎలాగూ మీ చేతిలోనే ఉంటుంది.

నేను వాణిజ్య నౌకల్లో ఫిఫ్త్ ఇంజినీరుగా చేరి చీఫ్ ఇంజినీరుగా రిటైరైనవాణ్ని. ఆవిరి నౌకల చివరి రోజులు చూశాను. ఫిరంగి పేల్చింది లేదు, యుద్ధం చేసింది లేదు. కానీ నౌకను నడిపే చోటైన బ్రిడ్జి మీద నుంచి కెప్టెన్ ఫోను చేసి “ఎన్ని నాట్లు ఇవ్వగలరు?” అని (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం) అడిగితే జవాబు చెప్పవలసిన బాధ్యత ఏళ్ల తరబడి మోశాను. కెనోపస్ కథ మొత్తం ఆ ప్రశ్న చుట్టూ, దానికి వచ్చిన ఒక తప్పుడు జవాబు చుట్టూ తిరిగింది.

1906లో ‘డ్రెడ్‌నాట్’ అనే కొత్త తరహా బ్రిటిష్ యుద్ధనౌక వచ్చి అంతకుముందున్న యుద్ధనౌకలన్నింటినీ ఒక్కసారిగా ముసలివాటిని చేసింది కదా, అలా ముసలిదైపోయిన వాటిలో కెనోపస్ ఒకటి. 1897 జనవరిలో పోర్ట్స్‌మత్ డాక్‌యార్డులో పని మొదలుపెట్టి, అదే ఏడాది అక్టోబరులో నీళ్లలోకి దించారు. 1899 డిసెంబరులో విల్మట్ ఫాక్స్ అనే కెప్టెన్ చేతికి అప్పగించి మధ్యధరా సముద్రానికి పంపారు. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా నౌకాదళ స్థావరానికి అధిపతి అయిన ఫాక్స్ ఆయనే. బరువు 13 వేల టన్నుల పైచిలుకు. 12 అంగుళాల ఫిరంగులు నాలుగు, 6 అంగుళాలవి పన్నెండు. బెల్‌విల్ రకం బాయిలర్లు ఇరవై, రెండు ఇంజిన్లు, 18 నాట్ల వేగం. తూర్పు సముద్రాలకని ప్రత్యేకంగా గీసిన నమూనా ఇది. సూయజ్ కాలువ దాటాలి కాబట్టి నీటిలో మరీ లోతుకు దిగకుండా తేలికగా కట్టారు. అంతా చేసి ఆ తూర్పు సముద్రంలో అది పనిచేయనే లేదు. 1905లో చైనా వైపు పంపితే కొలంబో దాకా వచ్చింది. ఈలోగా జపానుతో బ్రిటన్ స్నేహం గట్టిపడటంతో అక్కడి నుంచే వెనక్కి పిలిచేశారు. అంతకు ముందు ఏడాది విన్యాసాల్లో సొంత పక్షపు నౌక ‘బార్‌ఫ్లూర్’ వచ్చి దీన్ని గుద్దింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఈ దళం నుంచి ఆ దళానికి మారుతూ, చివరికి అరకొర సిబ్బందితో రిజర్వులో పడి ఉంది. ఇక తుక్కుకే అనుకుంటుండగా 1914 ఆగస్టు వచ్చింది.

అప్పుడు దాని కెప్టెన్ హీత్‌కోట్ గ్రాంట్. మీ వ్యాసంలో పేరు కూడా రాయకుండా పిరికివాడని ముద్ర వేసింది ఈయన మీదే. చేతికిచ్చిన సిబ్బందిలో చాలామంది రిజర్వు నుంచి పిలిపించినవాళ్లు. పెద్ద ఫిరంగుల టరెట్లు (ఫిరంగులు బిగించిన, తిరిగే ఉక్కు గదులు) అప్పగించిన అధికారులు సైతం అంతకు ముందు టరెట్ లోపల అడుగుపెట్టినవాళ్లు కారు.

ఎదుట ఉన్నది మామూలు శత్రువు కాదు. వైస్ అడ్మిరల్ మాక్సిమిలియన్ ఫాన్ స్పే నడిపిన జర్మన్ తూర్పు ఆసియా దళం. ఈ దళంతో మనకూ కొంచెం పరిచయం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టిన ‘ఎమ్డెన్’ ఆగస్టులో స్పే దగ్గర సెలవు తీసుకుని హిందూ మహాసముద్రంలోకి వచ్చినదే. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే తేదీన స్పే పసిఫిక్‌లో తాహితీ దీవిలోని పపీతె రేవు మీద కాల్పులు జరుపుతున్నాడు. మద్రాసు దాడి గురించి మన పత్రికల్లో ఏటా సెప్టెంబరులో ఏదో ఒకటి వస్తుంది. ఆ దళంలో మిగిలిన నౌకలు ఏమయ్యాయో మాత్రం ఎవరూ రాయరు.

అవి దక్షిణ అమెరికా వైపు వెళ్లాయి. వాటిని అడ్డుకునే పని రియర్ అడ్మిరల్ క్రిస్టఫర్ క్రడాక్ మీద పడింది. ఆయన చేతిలో ‘గుడ్ హోప్’, ‘మన్మత్’ అనే పాత క్రూయిజర్లు, ‘గ్లాస్గో’ అనే కొత్త తేలిక క్రూయిజర్, ఫిరంగులు బిగించిన ‘అట్రాంటో’ అనే ప్రయాణికుల ఓడ. వీటికి బలంగా లండన్ పంపింది కెనోపస్‌ను. అది పక్కన ఉన్నంతసేపు మన క్రూయిజర్లకు కోటలో ఉన్నంత భద్రత అని అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ తర్వాత రాసుకున్నాడు. కోటతో వచ్చిన చిక్కల్లా అది కదలదు.

కెనోపస్ 1914 అక్టోబరు 22న ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ చేరింది. గరిష్ఠ వేగం 12 నాట్లే వస్తుందని, ఇంజిన్లకు మరమ్మతు కావాలని గ్రాంట్ నివేదించాడు. ఆ మాట ఆయనకు చెప్పింది నౌక ఇంజినీర్ కమాండర్ విలియం డెన్‌బో. క్రడాక్ నిట్టూర్చి ఉంటాడు. ఆ రోజే తన ‘గుడ్ హోప్’లో బయలుదేరిపోయి, బొగ్గు ఓడలకు కాపలాగా వెనక రమ్మని కెనోపస్‌ను ఆదేశించాడు. ఇంత నెమ్మదైన నౌకను వెంటపెట్టుకుని శత్రువును వెతికి పట్టుకోవడం సాధ్యం కాదని లండన్‌కు తంతి పంపాడు. దాని భావం ఏమిటో బోధపడటం లేదని చర్చిల్ దాని మీద రాశాడు.

నవంబరు 1 సాయంత్రం చిలీ తీరంలో కొరోనెల్ దగ్గర రెండు దళాలు ఎదురుపడ్డాయి. శత్రువు మీదికి వెళ్తున్నానని క్రడాక్ వైర్‌లెస్‌లో కెనోపస్‌కు చెప్పాడు. అప్పటికి అది 250 నుంచి 300 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. పొద్దు గుంకాక పడమటి వెలుగులో బ్రిటిష్ నౌకలు స్పష్టంగా కనిపిస్తుంటే, జర్మన్ నౌకలు తీరపు చీకట్లో కలిసిపోయాయి. ‘గుడ్ హోప్’, ‘మన్మత్’ రెండూ మునిగిపోయాయి. దాదాపు 1,600 మంది. ఆ రెండింటి నుంచి ఒక్కడు కూడా బతికి బయటపడలేదు. క్రడాక్ కూడా పోయాడు.

ఇక్కడిదాకా మీ రచయితకు తెలుసు. ఆయన ఇంజిన్ రూమ్ నిచ్చెన దిగి ఉంటే మిగతాది కూడా తెలిసేది.

స్టాన్లీ నుంచి బయలుదేరాక కెనోపస్‌లో సిడ్నీ స్టార్ట్ అనే ఇంజినీర్ లెఫ్టినెంట్ కెప్టెన్‌కు ఒక సంగతి నివేదించాడు. డెన్‌బో చెప్పిన లోపాలు నిజం కావు. ఆయన కేబిన్ వదిలి బయటికే రావడం లేదు. మానసికంగా దెబ్బతిని ఉన్నాడు. నౌక 16 నాట్లకు పైగా వెళ్లగలదు. గ్రాంట్ డెన్‌బోను వైద్యుల పర్యవేక్షణలో ఉంచి, ఆ తర్వాత ఇంగ్లండ్‌కు పంపించేశాడు.

కండెన్సర్లలో లోపం ఉందన్నది డెన్‌బో చెప్పిన వంకల్లో ఒకటి. దీన్ని కెప్టెన్ ఎందుకు వెంటనే పట్టుకోలేకపోయాడో ఆవిరి నౌక ఎక్కనివారికి అర్థం కాదు. కండెన్సర్ అంటే వందల కొద్దీ సన్నని ఇత్తడి గొట్టాలు. గొట్టాల లోపల సముద్రపు నీళ్లు, వెలుపల ఇంజిన్ వాడి వదిలేసిన ఆవిరి. ఆవిరి చల్లబడి మంచినీరై మళ్లీ బాయిలర్‌కు వెళ్తుంది. ఆ వందల్లో ఒక్క గొట్టం చివర బిగింపు వదులైనా ఉప్పునీరు లోపలికి జొరబడుతుంది. బెల్‌విల్ లాంటి నీటిగొట్టాల బాయిలర్‌కు ఉప్పు విషంతో సమానం. మా రోజుల్లో నాలుగు గంటలకోసారి ఫీడ్ వాటర్, అంటే బాయిలర్‌కు వెళ్లే నీళ్లు, గాజు గొట్టంలో పట్టి, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేసేవాళ్లం. నీళ్లు తేటగా ఉంటే ఊపిరి పీల్చుకునేవాళ్లం. పాలవిరుగుడులా తెల్లబడితే ఆ వాచ్‌లో ఎవరికీ నిద్ర ఉండదు. కండెన్సర్ మూతలు విప్పి, లోపల వాక్యూమ్ పట్టి, ఒక్కో గొట్టం మూతి దగ్గర కొవ్వొత్తి పెట్టి చూడాలి. మంట ఎక్కడ లోపలికి లాగితే అక్కడ చిల్లు. దానికి కొయ్య బిరడా కొట్టి, పక్క గొట్టానికి జరగాలి. వేడికి చెమట కళ్లలోకి కారుతుంటుంది, చెయ్యి వణికితే మంట అబద్ధం చెబుతుంది. ఇదంతా బ్రిడ్జి మీద ఉన్న కెప్టెన్ దిగివచ్చి తేల్చుకోగల విషయం కాదు. చీఫ్ చెప్పిందే ఆయనకు వేదం. ఆ రోజుల్లో మరీను. డెక్ అధికారులకు, ఇంజిన్ అధికారులకు మధ్య అంటరానితనం లాంటి దూరం ఉండేది.

డెన్‌బో మీద కోపం తెచ్చుకోవడం తేలిక. నాకు రాలేదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక నౌకలో ఇలాంటి చీఫ్ కింద పనిచేశాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బదులు మనిషిని పంపకుండా ఆయన్ని గడువు దాటాక కూడా నౌకలోనే ఉంచేశారు. ఆయన కిందికి రావడం మానేశాడు. బేరింగు వేడెక్కుతోంది, రివల్యూషన్లు తగ్గించండి అని కేబిన్ నుంచే ఫోను. నేను వెళ్లి చెయ్యి పెట్టి చూస్తే బేరింగు మామూలుగా ఉంది. లాగ్ పుస్తకంలో మాత్రం ఆయన చెప్పిన అంకెలే. సెకండ్ ఇంజినీరు కెప్టెన్ దగ్గరికి వెళ్లడానికి చాలా రోజులు తటపటాయించాడు. పై అధికారికి మతి సరిగా లేదని ఇంకొక అధికారికి చెప్పడం మాటలు కాదు. అందుకే సిడ్నీ స్టార్ట్ అంటే నాకు గౌరవం. ఈ కథలో ఆయన చూపిన ధైర్యానికి పతకాలేవీ లేవు.

గ్రాంట్‌ను నేను పూర్తిగా వెనకేసుకురావడం లేదు. ఆయన చేసిన తప్పు వేరే ఉంది. నౌక 16 నాట్లు ఇస్తుందని తెలిశాక ఆ సంగతి క్రడాక్‌కు చెప్పలేదు. చెప్పినా క్రడాక్ ఆగడని, బొగ్గు ఓడలను వదిలి తానూ ముందుకు పోలేనని ఆయన లెక్క. లెక్క సరైనదే కావచ్చు. అయినా అడ్మిరల్‌కు తన దళం నిజమైన వేగం తెలియాలి. ఆగాలో వద్దో ఆయన నిర్ణయించుకుంటాడు. నేనైతే ఆ క్షణమే కబురు పంపేవాణ్ని. దీన్ని తొందరపాటు అంచనా అనండి, కబురు దాచడం అనండి, ఒప్పుకుంటాను. పిరికితనం అనడానికి మాత్రం ఇందులో ఏముంది?

ఇంకో లెక్క కూడా వేసి చూశాను. 12కీ 16కీ మధ్య నాలుగు నాట్ల తేడా. అంటే రోజుకు 96 మైళ్లు. స్టాన్లీ నుంచి కొరోనెల్ రోజు దాకా తొమ్మిది రోజులు. కాగితం మీద కెనోపస్ హాయిగా అందుకునేది. కానీ దాని వెంట ఉన్న బొగ్గు ఓడలు దానికంటే నెమ్మది, అవి లేనిదే క్రడాక్ నౌకలకు తిండి లేదు. పోనీ అందుకుందనే అనుకుందాం. దాని 12 అంగుళాల ఫిరంగులు పాతకాలపు పొట్టి రకం. ‘షార్న్‌హార్స్ట్’, ‘నైసెనౌ’ అనే స్పే పెద్ద క్రూయిజర్ల మీద ఉన్న 8.2 అంగుళాల ఫిరంగులు కూడా దాదాపు అంతే దూరం కొట్టేవి, పైగా వాటి గోలందాజులు జర్మన్ నౌకాదళంలోకెల్లా పేరుపడ్డవాళ్లు. స్పే ఆ కోట జోలికి రాకుండా తప్పుకుని పోయేవాడేమో. క్రడాక్ బతికేవాడు. అంతకు మించి నేను చెప్పలేను.

ఓడిపోయిన వార్త ‘గ్లాస్గో’ మోసుకొచ్చింది. అది, కెనోపస్ రెండూ నవంబరు 8న స్టాన్లీ చేరాయి. ముందు ఉత్తరానికి పొమ్మన్నారు. దారిలో ఉండగా కెనోపస్‌ను మాత్రం వెనక్కి వెళ్లి స్టాన్లీని కాపాడమన్నారు. ఒంటరిగా, స్పే ఎప్పుడైనా రావచ్చని తెలిసి, ఈ ‘పిరికి’ కెప్టెన్ వెనక్కి వెళ్లాడు. ఆ తర్వాత చేసింది చూడండి. నౌకను లోపలి రేవులో బురద మీద కావాలనే కూర్చోబెట్టాడు. పై స్తంభాలు దించేయించి, చుట్టూ నేలలో కలిసిపోయేలా మచ్చమచ్చల రంగు పూయించాడు. చిన్న ఫిరంగులను ఒడ్డుకు దించి తీరంలో మోహరించాడు. నూనె పీపాలతో మందుపాతరలు తయారుచేయించి రేవు ముఖద్వారంలో వేయించాడు. శాపర్ హిల్ అనే గుట్ట మీద కాపలా పెట్టి, అక్కడి నుంచి నౌకకు టెలిఫోను తీగ లాగించాడు. టరెట్ నుంచి సముద్రం కనిపించదు, మధ్యలో నేల అడ్డం. గుట్ట మీదివాడు కళ్లు, టరెట్‌లోవాడు చెయ్యి.

డిసెంబరు 7న వైస్ అడ్మిరల్ డవ్‌టన్ స్టర్డీ ‘ఇన్విన్సిబుల్’, ‘ఇన్‌ఫ్లెక్సిబుల్’ అనే బ్యాటిల్ క్రూయిజర్లతో (పెద్ద ఫిరంగులున్న వేగమైన యుద్ధనౌకలు) వచ్చాడు. మర్నాడు పొద్దున్నే వాటికి బొగ్గు ఎక్కిస్తుండగా స్పే రానే వచ్చాడు. ‘నైసెనౌ’, ‘న్యూర్న్‌బెర్గ్’ వైర్‌లెస్ స్టేషన్‌ను ధ్వంసం చేయడానికి దగ్గరికొస్తున్నాయి. 9 గంటల 20 నిమిషాలకు మొదటి గుండ్లు పేల్చింది కెనోపస్. 11,000 గజాల పైనుంచి కొట్టిన ఆ గుండ్లు దూరం చాలక నీళ్లలో పడ్డాయి. తెల్లారితే కాల్పుల అభ్యాసం ఉందని, ముందు టరెట్ వాళ్లను ఓడించాలని, వెనక టరెట్ వాళ్లు రాత్రే ఎవరికీ చెప్పకుండా పేలుడు మందు లేని అభ్యాసపు గుండ్లు దట్టించి ఉంచారు. వాటిని బయటికి తీసే వ్యవధి లేక అవే పేల్చారు. పేలేవి అయితే నీళ్లలో పడగానే పేలిపోయేవి. ఇవి నీటి మీద ఎగిరి వెళ్లాయి. అందులో ఒకటి ‘నైసెనౌ’ పొగగొట్టం మొదట్లో తగిలింది. దాని కెప్టెన్ మేర్కర్ నౌకను వెనక్కి తిప్పేశాడు. బ్యాటిల్ క్రూయిజర్లకు ఆవిరి పెంచుకుని రేవు దాటేందుకు కావలసిన సమయం దొరికింది.

సాయంత్రానికి నాలుగు జర్మన్ నౌకలు అడుగుకు చేరాయి. స్పేతోపాటు ఆయన కొడుకులు ఒట్టో, హైన్రిక్ కూడా పోయారు. ఆ రోజు ఇంజిన్ రూమ్ చేసిన పని ఒకటి చెప్పకుండా ఉండలేను. ‘కెంట్’ అనే పాత క్రూయిజర్ ‘న్యూర్న్‌బెర్గ్’ను తరిమింది. బొగ్గు చాలకపోతే బల్లలు, కుర్చీలు, తలుపులు, నిచ్చెనలు విరగ్గొట్టి ఫర్నేసుల్లో వేశారు. కట్టిననాటి వేగాన్ని మించి పరిగెత్తి పట్టుకుంది. ‘కెంట్’, కొరోనెల్‌లో మునిగిన ‘మన్మత్’ ఒకే తరగతి నౌకలు. ‘మన్మత్’ను ముంచింది ఈ ‘న్యూర్న్‌బెర్గే’.

కెనోపస్ కథ అక్కడితో అయిపోలేదు. 1915లో అదే గ్రాంట్ కింద టర్కీలోని డార్డనెల్స్ జలసంధికి వెళ్లింది. మార్చి 18 నాటి దాడిలో ఉంది. తోబుట్టువు, అంటే అదే తరగతి నౌక ‘ఓషన్’ ఆ రోజే మునిగింది. మరో తోబుట్టువు ‘గోలియత్’ను మే 13న టర్కీ టార్పెడో నౌక ముంచితే 570 మంది పోయారు. మందుపాతర తగిలిన ‘ఇన్‌ఫ్లెక్సిబుల్’ను ఏప్రిల్‌లో మాల్టాకు తీసుకెళ్తుంటే దారిలో సముద్రం రేగింది. అప్పుడు తాడు కట్టి లాక్కెళ్లింది కెనోపస్సే. స్టాన్లీలో ఆ బ్యాటిల్ క్రూయిజర్‌కు ఆవిరి పెంచుకునే వ్యవధి సంపాదించిపెట్టింది కూడా ఇదే మరి. ఏప్రిల్ 25న శత్రువు దృష్టి మళ్లించడానికి బులేర్ దగ్గర దాడి నటించింది. మే 22, 23 తేదీల్లో ‘ఆల్బియన్’ గబా టెపె దగ్గర ఇసుక దిబ్బ ఎక్కితే, గుండ్ల వానలో లాగి బయటపడేసింది. బరువు తగ్గించి, ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చి ఆ వెనకతోపు సాయంతో ‘ఆల్బియన్’ కదిలిందట. ఒక ఇంజినీరుగా ఆ ఉపాయానికి చేతులెత్తి మొక్కుతాను. 12 నాట్లకు మించి రాదన్న ఇంజిన్లు ఇవన్నీ చేశాయి.

1916లో ఇంగ్లండ్ తిరిగివచ్చి చాటమ్‌లో సిబ్బంది వసతి నౌకగా మిగిలింది. 1920లో తుక్కు కింద అమ్మేశారు. గ్రాంట్ రియర్ అడ్మిరలై యుద్ధం చివరి ఏళ్లలో జిబ్రాల్టర్ నౌకాదళ బాధ్యతలు చూశాడు. పిరికివాడని తేలిన కెప్టెన్‌కు బ్రిటిష్ నౌకాదళం అలాంటి పదవి ఇచ్చేది కాదు. యుద్ధం తప్పించుకున్న అధికారుల్ని సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టిన సంస్థ అది.

మీ రచయిత ఒక సవరణ వేస్తే చాలు. కెప్టెన్ పేరు, ఇంజినీర్ కమాండర్ అనారోగ్యం సంగతి రెండు వాక్యాల్లో వచ్చినా నాకు తృప్తే.

మరొక చిన్న విషయం. కెనోపస్ అని మీరు వేసిన ఫొటోలో పొగగొట్టాలు రెండూ పక్కపక్కన, కాడికి కట్టిన ఎడ్లలా ఉన్నాయి. అది అంతకు ముందు తరం ‘మెజెస్టిక్’ తరగతి నౌక. కెనోపస్‌కు పొగగొట్టాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. సవరణతోపాటు ఫొటో కూడా మార్చగలరని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత చీఫ్ ఇంజినీరు,
విశాఖపట్నం